నర్సుల బడి



ఈ మాసము పచ్చళ్ల నిలువను గూర్చి వ్రాయుదుమని క్రిందటి సంచికలో మాట యిచ్చియుంటిమి. ఆ మాట తప్పుచున్నందుకు చదువరులు మన్నింపవలెను. ఆవకాయకేమి, మరునెలకును చెడదు. ఇప్పుడు చెప్పబోవుదానికి గడువున్నది.

గత మాసమున మేము బంధువుల యింటి శుభకార్యమునకై సూర్యాపేట పోయి, అక్కడి పని ముగిసిన పిమ్మట మునగాల, కోదాడ, హుజూర్‌నగరముల మీదుగా మిర్యాలగూడ చేరి, చిన్ననాటి స్నేహితురాలి యింట రెండు దినములు నిలిచితిమి. మిర్యాలగూడ బియ్యపు మిల్లుల యూరు. సాగరు ఎడమకాలువ నీరు వచ్చినప్పటినుండి ఆ యూరి గాలిని ఊకవాసన విడువలేదు. మా స్నేహితురాలి భర్తయు ఒక మిల్లులో లెక్కలు వ్రాయువారే. వారికి ఒక్కతే కూతురు. ఇంటర్మీడియేటు మంచి మార్కులతో ముగించి, హైదరాబాదులో నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగు చదువునకు సీటు తెచ్చుకొన్నది. రుసుము కట్టుటకు ఇంక తొమ్మిది దినములే గడువు. తండ్రి సరే యనెను. తల్లి అటునిటు కాక యూగులాడుచున్నది. అడ్డము నిలిచినది నాయనమ్మ.

ఆమెకు ఎనుబది దాటినవి. కన్ను మందగించినను నోరు మందగింపలేదు. మేము విస్తరి ముందు కూర్చుండగానే యడిగెను:

"ఏం బిడ్డా, పత్రికలల్ల రాస్తవంట గద. నువ్వే చెప్పు. ఇంటి పిల్లను పరాయోళ్ల పుండ్లు కడగ పంపుదుమా? మంచి సంబంధం వచ్చినప్పుడు ఏమని చెప్పుదుము, మా పిల్ల దవఖానల మలమూత్రాలెత్తుతదనా?"

పదిమందిలో మాటలాడ నేర్చినవారమే యైనను మాకు మాట పెగలలేదు. ఏలయన ఆ యవ్వ యడిగినది మూఢప్రశ్న కాదు. రాత్రి పనులు, హాస్టలు కూడు, వార్డులో త్రాగివచ్చినవాని నోటి దురుసు, పెండ్లిచూపులకు వచ్చినవారు 'నర్సా?' యని పెదవి విరుచుట, వీనిలో నొక్కటియు ఆమె కల్పించినది కాదు. డాక్టరైనచో వీథివీథియు పొగడును. అదే వార్డులో, అదే రోగియొద్ద, పండ్రెండు గంటలు నిలిచినదానిని మాత్రము 'సిస్టర్' అని చిటికె వేసి పిలుతుము. ఆ చిటికె మేమును ఒకప్పుడు వేసినవారమే. కొన్ని యేండ్ల క్రిందట మాకు శస్త్రచికిత్స జరిగిన ఒక ఆసుపత్రిలో, పేరు చెప్పము, మంచినీళ్లు ఆలస్యమైనవని ఒక చిన్నదానిపై విసుగుకొంటిమి. ఆ వార్డులో ఆ రాత్రి నలుబదిమందికి ఆమె యొక్కతెయే యని తెల్లవారిన తరువాత తెలిసినది. ఆమె పేరైనను అడుగలేదు. ఆ సిగ్గు మాకు నేటికిని పోలేదు గనుకనే యీ వ్యాసము.

అవ్వకు ఆ పూట సమాధానము చెప్పలేదు గాని, వచ్చిన త్రోవ మా మనస్సులో మెదలుచుండెను. సూర్యాపేటకును కోదాడకును నడుమ మునగాల యున్నది గదా. పూర్వమది నైజాము రాజ్యము నడుమ చిక్కిన ఇంగ్లీషు దీవి వంటిది. చుట్టును నిజాము గ్రామములు, నడుమ మునగాల పరగణా కృష్ణా జిల్లాలోనిది. 1959లో గాని నల్లగొండ జిల్లాలో కలియలేదు. 1926లో చెన్నపురి రాజధానిలో నర్సులకును మంత్రసానులకును చట్టము చేసి, తర్ఫీదైనవారి పేర్లు పట్టికలో నెక్కింపసాగిరి. ఆ లెక్కను మునగాలలో నర్సునకు చట్టమున్నది, ప్రక్కనే కోదాడలో లేదు! చట్టమున్నంత మాత్రమున మునగాలలో నర్సు ఉండెననుకొనకుడు. చట్టమునకు పరగణాకు వచ్చుట సులువు, నర్సునకు కాదు.

ఆ మునగాల సంస్థానమునకు దివానుగా నుండినవారు కొమర్రాజు లక్ష్మణరావుగారు, విజ్ఞాన సర్వస్వము తలపెట్టిన మహనీయులు. వారి అక్క భండారు అచ్చమాంబగారు పురాణస్త్రీలను, చరిత్రస్త్రీలను ఏర్చికూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వ్రాసి, 1905లో ముప్పదియేండ్లకే స్వర్గస్థులైరి. మరుసటి సంవత్సరము లక్ష్మణరావుగారికి కలిగిన కూతురును అచ్చమాంబయే. అత్త స్త్రీల కథలు వ్రాయగా మేనకోడలు స్త్రీలకు పురుడు పోసినది. డాక్టరు కొమర్రాజు అచ్చమాంబగారు బెజవాడలో ప్రసూతి వైద్యురాలై, ఉద్యమములలో తిరిగి, 1957లో బెజవాడనుండి లోకసభకు ఎన్నికై, 1964లో కాలధర్మము నొందిరి. ప్రసూతిని, శిశుపోషణను గూర్చి తల్లులకు తెలియు తెలుగులో పుస్తకము వ్రాసిరి. మాకు వారియందు గౌరవమెక్కువ యగుటకు కారణము వేరొకటి. తమకు వచ్చిన విద్యను తమయొద్దనే దాచుకొనక, మహిళాసంఘములలో పనిచేయు సామాన్యస్త్రీలకు పురుడు పోయుటయు శుశ్రూష చేయుటయు కూర్చుండబెట్టి నేర్పిరి. బోర్డు కట్టిన బడి కాదది. ఐనను బడియే.

అట్టి విద్య యెంత యవసరమో కొలదియేండ్లలోనే యీ త్రోవమీదనే తేలినది. 1946 జూలై 4వ తేదిని కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు పడిపోయినది మొదలు 1951 అక్టోబరులో పోరాటము విరమించువరకు నల్లగొండ జిల్లా పల్లెలు యుద్ధభూమియే. సూర్యాపేట తాలూకా పాతసూర్యాపేట, బాలెముల మొదలగు గ్రామముల పేర్లు ఆనాటి చరిత్ర నెరిగినవారికి క్రొత్తవి కావు. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యము నైజాములోనికి నడచినప్పుడు, బెజవాడ వైపునుండి వచ్చిన దండు ఈ బాటనే సూర్యాపేటకు వచ్చినది. గుండుదెబ్బలు తిన్నవారు ఎందరో. వారికి కట్టు కట్టువా రెవరు? 1943లో ఏర్పడి 1946లో నివేదిక యిచ్చిన భోర్ సంఘము లెక్కప్రకారము ఆనాడు బ్రిటిషు ఇండియా యంతటికిని నర్సులు 7,000 మంది, అనగా 43,000 మందికి ఒక్కరు. నైజాము పల్లెల సంగతి ఇంక చెప్పనేల? గుంటూరులో 1898లోనే డాక్టరు అన్నా కుగ్లరుగారు స్త్రీల ఆసుపత్రి తెరచి, తెలుగు బాలికలకు నర్సుపని నేర్పించిరి. కాని గుంటూరు కృష్ణ కావలిదరి.

కనుక కట్టు కట్టినవారు ఇంటి ఆడువారే, దళములలోని ఆడువారే. 1986లో వెలువడిన 'మనకు తెలియని మన చరిత్ర' అను గ్రంథములో వారిలో కొందరు తమ నోటితోనే ఆ కథలు చెప్పికొనిరి. అడవిలో మందుల సంచి మోసినవారు, సూది వేయ నేర్చినవారు, పసిబిడ్డ యేడ్పు దళమును పట్టియిచ్చునని కడుపుకోత భరించి బిడ్డను పరులకప్పగించినవారు అందున్నారు. ఆ పుటలు చదివినవారికి ఆ రాత్రి నిద్ర పట్టదు.

మేమీ సంగతులు ఆ సాయంకాలము వాకిట కూర్చుండి స్నేహితురాలితో చెప్పుచుంటిమి. అవ్వ మంచముపై నుండి వినుచున్నదని మేమెరుగము. నడుమ ఆమె లేచి కూర్చుండి చెప్పెను. రజాకార్ల కాలమున ఆమెకు ఏడెనిమిదేండ్లు. పుట్టినూరు కోదాడ తట్టు పల్లె. ఒక రాత్రి ఎవ్వడో తొడకు గుండు తగిలినవాడు వారి గడ్డివామిలో దూరెనట. తల్లి అతనిని చూచి కేక వేయలేదు. ఉప్పు వేసి నీళ్లు కాచి, ఆ పుండు కడిగి, పసుపు అద్ది, తన చీరకొంగు చింపి కట్టెనట. మూడు రాత్రులు అట్లే. పిల్లవాండ్రెవ్వరును నోరు మెదపరాదని ఒట్టు. నాలుగవ రాత్రి ఎవరో వచ్చి అతనిని మంచముపై మోసికొనిపోయిరి. "బతికిండో సచ్చిండో ఎర్కలే. పేరు గూడ ఎర్కలే" అని అవ్వ మరల పండుకొనెను. మేము ఆమె ముఖము చూచితిమి గాని యేమియు ననలేదు. ఆ మాట ఆమె మనుమరాలి సంగతితో ముడిపెట్టి చెప్పినది కాదు. జ్ఞప్తికి వచ్చినది, చెప్పినది.

మరునా డుదయము ఆ పిల్ల మాయొద్దకు వచ్చి, "అత్తమ్మా, నర్సై పేరు తెచ్చుకున్నవాళ్లెవరైనా ఉన్నారా? నాయనమ్మకు చెప్పాలె. ఫ్లారెన్సు నైటింగేలు పేరు చెప్పితే, ఆమెకు పెళ్లి గాలేదు గద అంటది" అని యడిగినది. మాకు నవ్వు వచ్చినది. ఇప్పుడు మేము చెప్పబోవు నామెకును పెండ్లి కాలేదు. ఐనను ఆమె కథయే చెప్పితిమి. ఎందుకనగా ఆమె వట్టి నర్సు కాదు, నర్సుల బడి నడిపిన యామె, అదియు యుద్ధములో. అవ్వ యడిగిన ప్రశ్ననే ఆమెయు ఒక దేశమంతటివలన వినవలసివచ్చినది.

ఎడిత్ క్యావెల్ ఇంగ్లండులో నార్ఫోకు సీమలో స్వార్డెస్టన్ అను పల్లెలో 1865 డిసెంబరు 4న పుట్టెను. తండ్రి ఆ యూరి గుడి గురువు. పేరున్నది గాని డబ్బు లేని కుటుంబము. అట్టి యింటి ఆడపిల్లకు ఆ కాలమున ధనికుల యింట పిల్లలకు చదువు చెప్పుట యొక్కటే మర్యాదగల బ్రతుకుదెరువు. ఆమెయు బెల్జియము రాజధాని బ్రస్సెల్సులో ఒక న్యాయవాది కుటుంబమున 1890 మొదలు అయిదేండ్లు పిల్లలకు చదువు చెప్పి, ఫ్రెంచిభాష నేర్చుకొన్నది. తండ్రి జబ్బుపడగా ఇల్లు చేరి శుశ్రూష చేసెను. అప్పుడు ఆమెకు తన పని యేదో తెలిసినది. ముప్పదియేండ్లు దాటిన పిమ్మట 1896లో లండను ఆసుపత్రిలో నేర్చుకొనుదానిగా చేరెను. మరుసటి సంవత్సరము మెయిడ్‌స్టన్ పట్టణమున విషజ్వరములు చెలరేగినప్పుడు పంపబడి సేవచేసి, పతకము పొందెను. ముప్పదియేండ్లు దాటినవని, ఇంక కాలము మించినదని వగచు మన చదువరులు కొందరున్నారు గదా, వారికై యీ మాట.

బ్రస్సెల్సులో అంటువాన్ డెపాజ్ అను శస్త్రవైద్యుడుండెను. ఆ దేశమున రోగులను చూచువారు సన్న్యాసినులు. వారి దయకు లోటు లేదు గాని క్రొత్త శస్త్రవైద్యమునకు వలయు శుచియు, కొలతలును, వేళకు నాడి వ్రాసిపెట్టుటయు వారికి రాదని డెపాజ్ తలంపు. ఆయన ఒక నర్సుల బడి స్థాపింప సంకల్పించి, దాని కధికారిణిగా ఎడిత్ క్యావెలును పిలిపించెను. 1907 అక్టోబరు 1న ప్రక్కప్రక్కనున్న నాలుగిండ్లను కలిపి ఆ బడి తెరచిరి. నాలుగిండ్లకు చేరిన పిల్లలు ఇంటికొక్కరు చొప్పున నలుగురైదుగురే.

ఎందుకు రాలేదు? అవ్వ చెప్పినదే కారణము. ఆ పట్టణమున పరువుగల యింటి పిల్ల కూలికి పనిచేయుట యనిన తలవంపు. మొగవారి దేహమును తాకు పనియా? సన్న్యాసినియైన దేవునికై చేయును, జీతమునకై చేయుటా? ఈ మాటలు ఫ్రెంచిలో నన్నను మిర్యాలగూడలో నన్నను ఒక్కటియే. ఎడిత్ క్యావెల్ వాదములు పెట్టుకొనలేదు. పిల్లలకు నీలిరంగు దుస్తులును తెల్లని ముంగుడ్డలును కుట్టించి, వీథిలో నడిపించెను. చెప్పినదే చెప్పి, చూపినదే చూపి పని నేర్పెను. ఉదయము ఫలాహారపు బల్లమీద తన గడియారము పెట్టుకొని కూర్చుండునట. రెండు నిమిషము లాలస్యముగా వచ్చిన పిల్ల రెండు గంటలు అదనముగా పనిచేయవలెను. మేమైన ఆ బడిలో ఒక వారము నిలువజాలము. అంత కఠినురాలేమి యని మొదట మాకు తోచినది. నాడి నిమిషమునకెంత కొట్టుచున్నదో చూడవలసిన పిల్లకు రెండు నిమిషములు లెక్కలేనివి కారాదని పిమ్మట తోచినది.

ఇంతలో ఆ దేశపు రాణి యెలిజబెత్తుగారికి చేయి విరిగి, తనకు ఆ బడిలో తర్ఫీదైన నర్సు కావలెనని కబురంపెనట. రాణి తాకించుకొన్నచేతిని ఊరు వెలివేయునా? బడికి పిల్లలు రాసాగిరి. ఇది మాకు కొంచెము నవ్వును కొంచెము చింతయు కలిగించును. పనియొక్క గౌరవము పనిచేయు చేతినిబట్టి రాక, చేయించుకొన్న చేతినిబట్టి వచ్చినది. ఐనను వచ్చినది. కొలదియేండ్లలో ఆ బడి మూడాసుపత్రులకును, 24 పాఠశాలలకును, 13 పసిపిల్లల బడులకును నర్సుల నందించుచుండెను. 1910లో ఆమె నర్సులకై ఒక పత్రికను గూడ ప్రారంభించెను. క్రొత్త భవనమునకు గోడలు లేచుచుండెను.

1914 వేసవిలో ఆమె సెలవుమీద తల్లియొద్దకు వచ్చియుండెను. తోటలో కలుపు తీయుచుండగా యుద్ధవార్త విన్నది. అందరును ఇంక పోవద్దనిరి. ఇప్పుడే గదా నా యవసరము హెచ్చినది యని ఆమె తిరిగి బ్రస్సెల్సు చేరెను. ఆగష్టు 20న జర్మనీ సైన్యము పట్టణమున ప్రవేశించినది. ఇంగ్లీషు నర్సులలో పెక్కుమందిని స్వదేశమునకు పంపివేసిరి. ఆమె కదలలేదు. బడి రెడ్ క్రాస్ ఆసుపత్రి యైనది. గాయపడినవాడు బెల్జియమువాడైనను జర్మనీవాడైనను ఒక్కటే మందు, ఒక్కటే కట్టు అని పిల్లలకు ఆజ్ఞ. తమ యూరిని కాల్చినవాని పుండు కడుగుట ఆ పిల్లలకెట్లుండెనో తలంచిచూడుడు. ఇది పాఠ్యపుస్తకములో నుండు పాఠము కాదు.

డెపాజ్ సైన్యముతో పోయెను. ఆయన భార్య మేరీ డెపాజ్ ఆసుపత్రికై చందాలు పోగుచేయ అమెరికా పోయి, తిరిగి వచ్చునప్పుడు 1915 మే 7న లూసిటానియా ఓడతో సముద్రము పాలయ్యెను. ఆ ఓడ మునుగుటను గూర్చి చరిత్రలో చదివితిమి గాని, అందులో ఆసుపత్రికై చందాలు వసూలు చేసి వచ్చునామె యున్నదని మేము పెద్దవారమైన పిమ్మటగాని యెరుగము.

ఆ 1914 శరత్కాలము చివర ఒక రాత్రి ఇద్దరు ఇంగ్లీషు సైనికులు, దండు విడిపోయి దాగి తిరుగుచున్నవారు, ఆమె గుమ్మము చేరిరి. ఆమె తలుపు తీసెను. అంతటితో ఆగలేదు. కట్టుకథలవలె ఒక రహస్యపు త్రోవ యేర్పడినది. సరిహద్దు దగ్గర ఒక రాజకుమారుని కోట, దారి చూపు ఒక పంతులమ్మ, కట్టడములు గీయు ఫిలిప్ బోక్ అను నతడు, నడుమ నర్సుల బడి. సుమారు 200 మంది సైనికులు ఆ త్రోవను హాలండు చేరిరి. పట్టుబడిన మరణశిక్ష యని గోడలమీద ప్రకటనలుండెను.

ఇక్కడ మా మనస్సు రెండుగా నుండును. రెడ్ క్రాస్ గురుతు క్రింద సైనికులను దాచుట ఆ గురుతునకు న్యాయమా? ఆమె పట్టుబడినచో బడిలోని పిల్లల గతియేమి? ఆమెయు దీనినంతయు తలంచినట్లే కనబడును. చేతనైనంతవరకు పిల్లలను ఆ పనికి దూరముగా నుంచినది. ఐనను దాగిన సైనికులు త్రాగి వీథిలో పాడినారని, బడిముందు అపరిచితులు తచ్చాడుచున్నారని తెలిసి కూడ ఆమె తలుపు మూయలేదు. మూసినయెడల ఆ మనుష్యుడు ఆ రాత్రియే పట్టుబడి చచ్చును. గడ్డివామి చూచి కేక వేయని ఆ కోదాడ తల్లి యింత విచారించియుండదు. ఇద్దరును తలుపు తీసిరి.

1915 ఆగష్టు 5న ఆమెను పట్టుకొనిపోయిరి. పదివారములు జైలు. అడిగినదానికి అబద్ధమాడలేదు. చేసినది చేసితినని చెప్పెను. దానితో వారి పని సులువైనది. ఆమెపై మోపినది గూఢచర్యము కాదు, సైనికులను శత్రువు చేరునట్లు తప్పించిన నేరము. అక్టోబరు 7, 8 తేదులలో విచారణ జరిగి, ఆమెతో గూడ అయిదుగురకు మరణశిక్ష విధించిరి. అమెరికా రాయబారి బ్రాండ్ విట్లాకుగారు జబ్బుతో పండుకొనియే జాబులు వ్రాసిరి. స్పెయిను రాయబారి స్వయముగా పోయి బతిమాలిరి. వినలేదు. కడపటి రాత్రి తన్ను చూడవచ్చిన గురువుతో ఆమె, దేశభక్తి యొక్కటే చాలదని, ఎవ్వరియెడను తనకు ద్వేషము ఉండరాదని చెప్పినట్లు ప్రసిద్ధము. 12వ తేది తెల్లవారుజామున ఆమెను, ఫిలిప్ బోకును తుపాకులతో కాల్చిరి. ఆమెకు 49 ఏండ్లు. లోకమెల్ల గగ్గోలు పుట్టగా మిగిలిన మువ్వురికిని చావు తప్పినది, ఆ పంతులమ్మకు గూడ.

పిమ్మట ఇంగ్లండులో సైన్యమున చేరుడని వేసిన బొమ్మలలో ఆమెను తెల్లచీరలోని పడుచుపిల్లగా చిత్రించిరి. నెరసిన జుట్టు, పెదవులు బిగించిన మోము, చేత గడియారము గల బడి పెద్దమ్మ బొమ్మ యెవ్వరును వేయలేదు. ద్వేషము వద్దన్న యామె పేరు చెప్పి ద్వేషము నమ్మిరి. ఆమె మాత్రము జైలునుండి తన నర్సులకు జాబులు వ్రాసెను. కడపటి దినములలో గూడ ఆమె ధ్యాస వారిమీదనే యుండెను. ఆమె లేకున్నను బడి మూతపడలేదు.

ఇదంతయు అవ్వకు ఆ సాయంకాలము వాకిటనే చెప్పితిమి. ఆ పిల్ల ప్రక్కన కూర్చుండి తెలుగు చేసి చెప్పుచుండెను, అనగా మా తెలుగును మిర్యాలగూడ తెలుగు చేసి. 'ఆ దొరసాని' యని మేమనినప్పుడెల్ల అవ్వ ముఖము చిట్లించినది. ఆ సీమలో దొరసాని యనిన గడీలోని భూస్వామి భార్య గదా. వెట్టి చేయించుకొన్న దొరసానులను చూచిన కండ్లవి. 'పెద్దమ్మ' యని మార్చి చెప్పితిమి.

అంతయు విని అవ్వ ఒక్కటే యడిగెను: "ఆమెకు తల్లి ఉండెనంటివి. ఆ తల్లి ఏమాయె?"

మేము చెప్పితిమి. తల్లి అప్పటికి ఎనుబది సమీపించిన వృద్ధురాలు. కూతురు పోయిన మూడేండ్లలోపుననే, 1918లో, తానును కన్నుమూసెను. 1919 మే మాసమున ఎడిత్ క్యావెల్ అస్థులను స్వదేశమునకు తెచ్చి నారిచ్ పట్టణపు పెద్దగుడి ప్రక్కన సమాధి చేసినప్పుడు చూచుటకు ఆ తల్లి లేదు.

అవ్వ చాలసేపు మాటలాడలేదు. మేమును పొడిగింపలేదు. ఆ కథ చెప్పి మనుమరాలిని పంపుమనుట న్యాయమా యని మాకే సందేహము కలిగినది. చావు కథ చెప్పి చదువునకు బయలుదేరదీయుట! కాని మేము చెప్పదలచినది ఆమె చచ్చుటను గూర్చి కాదు. ఎనిమిదేండ్లు ఎవ్వరును మెచ్చకముందే నాలుగిండ్ల బడిలో తెల్లవారుజామున లేచి, రాని పిల్లలకై ఎదురుచూచి, వచ్చిన పిల్లలకు వేలు కడుగుకొనుట మొదలు నేర్పిన యామెను గూర్చి. బెల్జియములో నర్సునకు గౌరవము తెచ్చినది ఆ తుపాకి గుండ్లు కావు, ఆ ఎనిమిదేండ్లు. మన దేశమునను రెండవ యుద్ధము నడుమనే, 1943లో, నర్సుల బడులు నడుపువారికి తర్ఫీదు నిచ్చు పాఠశాల ఢిల్లీలో తెరచిరి. అది 1946లో కళాశాల యైనది. 1947లో నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చినది. అట్లు పేరు లేనివారెందరో కూర్చుండి నేర్పగా నేర్పగా నేడు సూర్యాపేటలో వైద్యకళాశాలయే యున్నది, మనపిల్ల నాలుగేండ్ల పట్టమునకు పోగలుగుచున్నది.

జీతపు సంగతి, రాత్రి పనుల సంగతి మేము దాచలేదు. ప్రైవేటు ఆసుపత్రులలో చాలచోట్ల జీతములు తక్కువ, పని యెక్కువ. ఒక్కతెకు మితిమీరిన రోగులు. ఆ పిల్లకు ఇదంతయు మాకంటె బాగుగ తెలియును. సర్కారు ఉద్యోగపు పరీక్ష వ్రాసెదననియు, కుదిరిన పిమ్మట ఎమ్మెస్సీ చదివి నేర్పు పనిలోనికి పోయెదననియు చెప్పినది. బడి పెద్దమ్మ గడియారము ఆమెకు నచ్చినట్లున్నది.

మేము మిర్యాలగూడ విడుచునప్పటికి ఏ నిర్ణయమును జరుగలేదు. అవ్వ మాకు చీర పెట్టి, మరల రమ్మని మాత్రమనెను. గడువునకు ఇంక రెండు దినములున్నదనగా మా స్నేహితురాలు ఫోను చేసినది. కళాశాలవారు తెచ్చుకొనవలసిన సామానుల పట్టిక యొకటి యిచ్చిరట: తెల్లబూట్లు రెండు జతలు, కత్తెర, దోమతెర, సెకన్ల ముల్లు గల చేతిగడియారము. ఆ పట్టిక ఇంట చదువుచుండగా అవ్వ మంచముపైనుండి, సెకన్ల ముల్లెందుకని యడిగినదట. నాడి చూచుటకని పిల్ల చెప్పి, అవ్వ మణికట్టు పట్టుకొని గోడగడియారము చూచుచు లెక్కించి చూపినదట. లెక్క ముగిసినదాక అవ్వ చేయి లాగుకొనలేదట. పిమ్మట కొడుకును పిలిచి, గడియారము సూర్యాపేట బజారులో కొనవద్దనియు, హైదరాబాదులోనే మంచిది చూచి కొనుమనియు చెప్పినదట.